వెనక టైరు ఎందుకు జారిందో తెలియాలంటే, ముందు ఎప్పుడు జారిందో చూడాలి

ప్రశ్న: అన్నా, పోయిన నెల ట్రాక్ డేలో, అంటే రేస్ ట్రాక్ మీద మన సొంత బండి నడుపుకోనిచ్చే రోజున, పడ్డాను. ఇది నాకు మూడో ట్రాక్ డే. పొద్దున రెండు సెషన్లు బాగానే వెళ్ళాయి. రెండో సెషన్ అయ్యి పిట్‌లోకి రాగానే వెనక టైరులో గాలి చూస్తే 36 పీఎస్ఐ ఉంది. ఎక్కువైందని ఫ్రెండ్ అంటే 30కి దించాను. తర్వాత గంటన్నర బ్రేక్. అప్పుడే చైన్ వదులుగా ఉందని కాస్త బిగించాం. మూడో సెషన్ రెండో ల్యాపులో, వరసగా కుడి మలుపులు అయ్యాక వచ్చే మొదటి ఎడమ మలుపులో, బయటికి వస్తూ యాక్సిలరేటర్ ఇస్తుంటే వెనక చక్రం చెప్పాపెట్టకుండా పక్కకి పోయింది. భయపడి యాక్సిలరేటర్ మూసేశాను. అంతే, బండి ఒక్కసారిగా లేచి నన్ను పైకి విసిరేసింది. కాలర్ బోన్ విరిగింది. చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఆన్‌లోనే ఉంది. ఒకడు టైరు మార్చమంటాడు, ఒకడు షాక్ అబ్జార్బర్ మార్చమంటాడు, ఇంకొకడు తప్పంతా నీ చేతిదే అంటాడు. వెనకొస్తున్న ఫ్రెండ్ కెమెరాలో పడిన వీడియో, టైరు ఫోటోలు పంపుతున్నాను. అసలు కారణం ఏంటి? మళ్ళీ ట్రాక్ ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు:

తమ్ముడూ, ముందు ఎముక సంగతి. డాక్టరు సరే అనేదాకా బండి ఎక్కొద్దు. ట్రాక్ మీద బ్రేక్ పట్టిన ప్రతిసారీ ఒంటి బరువంతా చేతుల మీదికి వస్తుంది, నొప్పి ఉంటే చెయ్యి బిగుసుకుంటుంది, బిగుసుకున్న చేత్తో యాక్సిలరేటర్ మెత్తగా తిప్పడం ఎవరి వల్లా కాదు. హెల్మెట్ కూడా మార్చెయ్, పైన గీత కనపడకపోయినా సరే. లోపలి ఫోమ్ ఒక దెబ్బని మింగడానికే పుట్టింది, ఆ పని అది చేసేసింది.

ఇక అసలు విషయం. నీ ఫ్రెండ్స్ ముగ్గురూ "ఏది చెడిపోయింది" అని వెతుకుతున్నారు. టైరా, షాకా, చెయ్యా అని. నేనైతే అక్కడ మొదలుపెట్టను. ఏ ల్యాపులో, ఏ వైపు మలుపులో, మలుపులో ఏ చోట, ఆ క్షణంలో నీ చెయ్యి ఏం చేస్తోంది, బండి ఇంకా వాలుతోందా లేస్తోందా, ఇవి తెలిస్తే కారణాల్లో సగం వాటంతట అవే పక్కకి తప్పుకుంటాయి. నీ అదృష్టం ఏంటంటే ఉత్తరంలో ఇవన్నీ నువ్వే రాశావు, నీకు తెలియకుండానే.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, వాటిని విడదీయాలి. వెనక టైరు ఎందుకు జారింది అన్నది ఒకటి. జారిన టైరు నిన్నెందుకు పైకి విసిరింది అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి కారణాలు రెండు మూడు ఉండొచ్చు. రెండోదానికి ఒక్కటే, దాని గురించి తర్వాత మాట్లాడదాం.

ముందు రెండో ల్యాపు అన్న మాట పట్టుకుందాం. టైరు బాగా వేడెక్కిపోయి జారి ఉంటే సెషన్ చివర్లో జారేది, అది కూడా రెండు మూడు ల్యాపుల ముందు నుంచే వెనక భాగం కాస్త కాస్త ఊగుతూ, జారుతూ, నీకు చెప్తూ వచ్చేది. షాక్ అబ్జార్బర్ లోపలి ఆయిల్ వేడెక్కి నీరసపడటం కూడా అంతే, ఆరో ఏడో ల్యాపు దాటాక బయటపడే రోగం. రెండో ల్యాపులో, ఏ హెచ్చరికా లేకుండా పోయిందంటే నేను ముందు చల్లటి రబ్బరునే అనుమానిస్తాను. వేడెక్కిన రబ్బరు వదిలేటప్పుడు మెల్లగా వదులుతుంది, పాకినట్టు ఉంటుంది. చల్లగా ఉన్నది మాత్రం ఉన్నంతసేపు ఉండి ఠక్కున వదిలేస్తుంది.

కానీ మొదటి ల్యాపు అంతా బాగానే తిరిగాను కదా, టైరు వేడెక్కే ఉంటుంది కదా అని నువ్వు అడుగుతావు. వేడెక్కింది. కుడివైపు వేడెక్కింది. ఇక్కడే నీ ఉత్తరంలోని రెండో మాట, "వరసగా కుడి మలుపులు అయ్యాక వచ్చే మొదటి ఎడమ మలుపు". బండి కుడికి వాలినంతసేపూ టైరు కుడి అంచే పనిచేస్తుంది. ఎడమ అంచుకి ఏ పనీ ఉండదు, పైగా గాలి తగిలి ఉన్న వేడి కూడా పోగొట్టుకుంటుంది. జర్మనీలో సాక్సెన్‌రింగ్ అని ఒక ట్రాక్ ఉంది, 13 మలుపుల్లో 10 ఎడమవే, కుడివి మూడే. వరసగా ఎడమ మలుపులు తిరిగాక వచ్చే కుడి మలుపు, పదకొండో నంబరుది, మోటోజీపీ అనే ప్రపంచ స్థాయి బైక్ రేసుల రైడర్లని ఏళ్ళ తరబడి పడగొడుతోంది. అక్కడ ఎక్కువగా ముందు టైరు పోతుంది, నీకు వెనకది పోయింది. కానీ లోపలి సంగతి ఒకటే, చాలాసేపు పని లేకుండా ఉన్న అంచు మీద ఒక్కసారిగా బరువంతా వెయ్యడం. టైర్ వార్మర్లతో, అంటే టైరుకి చుట్టే కరెంటు దుప్పట్లతో, వేడెక్కించి, ఎడమకీ కుడికీ వేరే వేరే రబ్బరు వేసిన టైర్లతో తిరిగేవాళ్ళకే అలా ఉంటే, గంటన్నర నిలబెట్టిన బండితో వెళ్ళిన నీ సంగతి చెప్పక్కర్లేదు.

నువ్వు పంపిన టైరు ఫోటో కూడా ఇదే చెప్తోంది. రెండు వైపులా జాగ్రత్తగా చూడు. కుడి అంచు మీద రబ్బరు నలిగి, ఇసక కాగితంలా గరుకుగా, చిన్న చిన్న ఉండలు చుట్టుకుని ఉంది. పని చేసి వేడెక్కిన రబ్బరు అలాగే ఉంటుంది. ఎడమ అంచు నున్నగా, మసకగా ఉంది, ఉండలు లేవు, కొన్ని చోట్ల అచ్చులోంచి వచ్చిన సన్నటి గీతలు కూడా ఇంకా పోలేదు. ఒకే టైరు, ఒకే రోజు, రెండు వైపులా రెండు కథలు. దాని మీద ఆయిల్ గానీ కూలెంట్ గానీ పడిందేమో అని కూడా చూశాను. పడి ఉంటే టైరు మీద తడి మెరుపు ఒక చారలా వెనక్కి లాగినట్టు ఉంటుంది, ఫోటోలో అది లేదు. అయినా ఇంటి దగ్గర ఒక తెల్ల గుడ్డతో టైరు పక్కనీ, రిమ్మునీ, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చెయ్యి) లోపలి వైపునీ తుడిచి చూడు. చైన్ లూబ్ ఎక్కువ కొట్టి వెంటనే ట్రాక్ ఎక్కితే అది చిమ్మి టైరు మీద పడటం చాలా మందికి జరిగేదే, పైగా చైన్ ఎక్కువ బళ్ళకి ఎడమ పక్కనే ఉంటుంది, నువ్వు పడింది ఎడమ మలుపులో. చైన్ బిగించినప్పుడు లూబ్ కూడా కొట్టారా అన్నది నువ్వు రాయలేదు, గుర్తు చేసుకో.

టైరు పక్కన ఒక కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, అవి కూడా చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ట్రెడ్ ఎంత మిగిలి ఉన్నా, ఏళ్ళు గడిచిన రబ్బరు, లేదా చాలాసార్లు బాగా వేడెక్కి చల్లారిన రబ్బరు గట్టిపడుతుంది, వేడెక్కడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. గోరుతో నొక్కితే కొత్త టైరుకీ దానికీ తేడా చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు గాలి. పిట్‌లోకి రాగానే వేడి మీద 36 ఉంటే 30కి దించాను అన్నావు. దించడం తప్పని అనను, కానీ ఏ అంకె వేడి మీదిది, ఏది చల్లటిది అన్న లెక్క ఇక్కడ తప్పిపోయింది. టైరు లోపలి గాలి 30 పీఎస్ఐ దగ్గర ఉన్నప్పుడు సుమారుగా ప్రతి ఆరేడు డిగ్రీల వేడికీ ఒక పీఎస్ఐ పెరుగుతుంది, అంతే వేడి తగ్గితే అంతే తగ్గుతుంది. లోపలి గాలి 70 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నువ్వు 30 పెట్టావనుకో, గంటన్నరలో అది 30 డిగ్రీలకి చల్లారితే మీటరు 24, 25 చూపిస్తుంది. అంటే మూడో సెషన్‌కి నువ్వు 30తో కాదు, 25 కూడా ఉందో లేదో అన్న గాలితో బయల్దేరావు. నువ్వు వాడేది రోడ్డు మీదా ట్రాక్ మీదా నడిచే రకం టైరు, గాడులు లేని రేసు టైరు, స్లిక్, కాదు. స్లిక్‌లకి వేడి మీదే 25 లోపు గాలితో నడిచేవి ఉన్నాయి, వాటి ఒళ్ళు అలా కట్టారు. నీ టైరుకి అంత తక్కువ గాలి ఉంటే పక్కలు మెత్తబడి, బండిని వాల్చినప్పుడు కాస్త ఆలస్యంగా, మెలికలు తిరుగుతూ స్పందిస్తుంది.

అయితే నువ్వు పడటానికి గాలే ముఖ్య కారణం అని నేను అనుకోవడం లేదు. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలిగి త్వరగానే వేడెక్కుతుంది, పైగా బండి బురదలో ఉన్నట్టు ఊగి ముందే చెప్తుంది. అది పక్కన నిలబడి చెయ్యి వేసిన కారణమే గానీ తోసిన కారణం కాదు. ఇక ముందు మాత్రం ఒక పని చెయ్యి. చాలా స్పోర్ట్ బైకులకి స్టిక్కర్ మీద వెనక టైరుకి 42 అని ఉంటుంది. అది రోడ్డు కోసం, ట్రాక్ కోసం కాదు. నీ టైరు మోడల్‌కి ట్రాక్ మీద చల్లగా ఎంత, వేడి మీద ఎంత ఉండాలో టైరు కంపెనీయే చెప్తుంది, అది చూసి రాసి పెట్టుకో. పొద్దున బండి దింపగానే చల్లగా ఎంతుందో రాయి, ప్రతి సెషన్ అయ్యి వచ్చిన మొదటి నిమిషంలో మళ్ళీ చూసి రాయి, బ్రేక్ తర్వాత వెళ్ళే ముందు ఇంకోసారి చూడు. మీటరు ఒక్కటే వాడు. ఒకరి మీటరుకీ ఇంకొకరి మీటరుకీ రెండు పీఎస్ఐ తేడా ఉండటం వింతేం కాదు.

ఇప్పుడు వీడియో. పదిసార్లు పైనే చూశాను. నువ్వు కూడా చూడు, కానీ ఒకసారి కళ్ళు మూసుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. వెనకొస్తున్న బండి చప్పుడు కలిసిపోయింది గానీ నీ ఇంజన్ చప్పుడు విడిగానే తెలుస్తోంది. వెనక చక్రం జారడంలో రకాలున్నాయి, చెవికి అవి వేరే వేరేగా వినిపిస్తాయి. బండి తోక కదలకముందే ఇంజన్ చప్పుడు ఒక్కసారి సన్నగా పైకి లేస్తే, పవర్ ఎక్కువై చక్రం తిరిగిపోయిందని అర్థం. చప్పుడులో ఏ మార్పూ లేకుండా తోక పక్కకి పోతే పక్క పట్టు పోయిందని, అంటే వాలు ఎక్కువైందనో, రోడ్డు మీద ఏదో ఉందనో. మలుపులోకి దిగేటప్పుడు గేర్లు తగ్గిస్తుంటే టైరు కీచుకీచుమని గెంతితే అది ఇంజన్ బ్రేకింగ్ వల్ల.

నీ వీడియోలో చప్పుడు మెల్లగా, ఒకే తీరుగా పెరుగుతోంది. ఎక్కడా గబుక్కున తిప్పిన చెయ్యి కాదు అది. తోక కదిలిన క్షణంలో మాత్రం చప్పుడు ఒక చిన్న మెట్టు ఎక్కింది, వెంటనే పూర్తిగా తెగిపోయింది, అది నువ్వు మూసెయ్యడం. కాబట్టి "తప్పంతా నీ చేతిదే" అన్నవాడికి ఈ చప్పుడు వినిపించు. చెయ్యి మోటుగా లేదు.

మరి ఏం జరిగింది? ఇప్పుడు చప్పుడు ఆపేసి బొమ్మ చూడు, ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ. మలుపు మధ్య దాటాక నీకూ ట్రాక్ బయటి అంచుకీ మధ్య జాగా తగ్గిపోతోంది, నువ్వు అనుకున్న దారికంటే బయటికి పోతున్నావు. ముందు వెళ్తున్న బండి నీకంటే స్పీడు, దాన్ని అందుకోవాలని యాక్సిలరేటర్ కాస్త ముందే మొదలుపెట్టావు. బయటికి పోతున్నానని తెలిసి నువ్వు చేసిన పని బండిని ఇంకొంచెం వాల్చడం. నీ మోచేతికీ నేలకీ మధ్య సందు చూడు, జారే క్షణం దాకా అది తగ్గుతూనే ఉంది. అదే సమయంలో చప్పుడు పెరుగుతూనే ఉంది. నా దృష్టిలో ముఖ్యమైన కారణం ఇదే. యాక్సిలరేటరూ వాలూ రెండూ ఒకేసారి పెరుగుతున్నాయి, అది కూడా చల్లటి అంచు మీద.

దీని లెక్క ఒకటి ఉంది, ఒక్కసారి అర్థమైతే జన్మలో మర్చిపోవు. టైరు నేలని తాకే చోటు అరచేయంత ఉంటుంది. దాని పట్టు మొత్తం ఒక్కటే. మలుపు తిరగడానికీ అందులోంచే తీసుకోవాలి, ముందుకు తోయడానికీ అందులోంచే. కానీ అది మామూలు తీసివేత లెక్కలా ఉండదు, వృత్తంలా ఉంటుంది. మలుపు కోసం 80 శాతం వాడేస్తున్నా, ముందుకు తోయడానికి 20 కాదు, సుమారు 60 శాతం మిగులుతుంది. ఇది విని సంతోషపడేలోపే చూడు, మలుపు కోసం 95 శాతం వాడితే మిగిలేది 31. 99కి వెళ్తే 14. అంటే బండి బాగా వాలి ఉన్న చోట ఇంకొక్క పిసరు వాలిస్తే యాక్సిలరేటర్‌కి మిగిలిన వాటా సగానికి సగం పడిపోతుంది. నీ చెయ్యి అదే మెల్లని తీరులో తిరుగుతున్నా, దాని కింద జాగా లేకుండా పోయింది. టైరు చల్లగా ఉంటే ఆ వృత్తమే చిన్నది. పొద్దున రెండు సెషన్లలో అదే మలుపులో అదే చేత్తో బాగానే బయటపడ్డావంటే అప్పుడు వృత్తం పెద్దది, పైగా ముందు ఎవరినీ తరమడం లేదు.

అందుకే ట్రాక్ మీద బాగా నడిపేవాళ్ళు యాక్సిలరేటర్ తెరిచే కొద్దీ బండిని లేపుతూ వస్తారు. ఒంటిని లోపలికి వేలాడేసి, బండిని మాత్రం నిలబెడతారు, టైరు అంచు మీంచి మధ్యకి, వెడల్పు భాగం మీదికి వస్తుంది. దారి తప్పి బయటికి పోతున్నప్పుడు చెయ్యవలసింది ఇంకా వాల్చడం కాదు, యాక్సిలరేటర్‌ని అక్కడే ఆపడం. కాస్త ఆగితే బండి తనంతట తనే దారికి వస్తుంది, ల్యాపులో పావు సెకను పోతుంది, పోనీ.

పవర్ ఎంత అన్నదొక్కటే కాదు, ఎలా వస్తుంది అన్నది కూడా టైరుకి ముఖ్యం. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ 1992 నాటి హోండా రేసు బండి, ఎన్‌ఎస్‌ఆర్ 500. టూ స్ట్రోక్ 500 బళ్ళు రైడర్లని గాల్లోకి విసిరేసే కాలం అది. ఆ ఏడాది హోండా వాళ్ళు నాలుగు సిలిండర్లూ దాదాపు 70 డిగ్రీల క్రాంక్ తిరుగుడు లోపలే పేలేలా మార్చారు. దెబ్బలన్నీ ఒకేసారి పడి, తర్వాత చాలాసేపు ఖాళీ. వినడానికి ఇంకా ప్రమాదంగా అనిపిస్తుంది, కానీ ఆ ఖాళీలో టైరు మళ్ళీ నేలని పట్టుకుంటోందని, బండి చేతికి లొంగుతోందని రైడర్లు గమనించారు, మిగతా కంపెనీలు కూడా వెంటనే అదే దారి పట్టాయి. టైరుకి ఊపిరి తీసుకునే సందు ఇవ్వాలి. ఇంజన్ ఇవ్వకపోతే చెయ్యి ఇవ్వాలి.

ట్రాక్షన్ కంట్రోల్ ఆన్‌లో ఉంది కదా అన్నావు. అది పట్టుని పుట్టించదు తమ్ముడూ. ముందు చక్రం, వెనక చక్రం ఎంత వేగంగా తిరుగుతున్నాయో పోల్చి, తేడా ఎక్కువైతే ఇంజన్ పవర్ తగ్గిస్తుంది, వాలుని కొలిచే సెన్సర్ ఉన్న బళ్ళలో ఇంకాస్త తెలివిగా తగ్గిస్తుంది. కానీ నీకు చక్రం విపరీతంగా తిరిగిపోలేదు, చప్పుడు ఒక చిన్న మెట్టే ఎక్కింది అన్నాను కదా. టైరు ముఖ్యంగా పక్కకి పోయింది. దాన్ని అది పట్టుకునేలోపే నువ్వు మూసేశావు.

ఇక రెండో ప్రశ్న, విసిరెయ్యడం. వెనక టైరు పక్కకి పోయినప్పుడు బండి ఒక దిక్కుకి చూస్తూ ఇంకో దిక్కుకి వెళ్తూ ఉంటుంది. ఆ స్థితిలో యాక్సిలరేటర్ పూర్తిగా మూస్తే టైరు మీద తోపు ఒక్కసారి ఆగిపోతుంది, వృత్తంలో వాటా అంతా పక్క పట్టుకి తిరిగొస్తుంది, అడ్డంగా పోతున్న టైరు ఠక్కున నేలని కరుచుకుంటుంది. పక్కకి పోతున్న బరువంతా దానికి తట్టుకుని పైకి లేస్తుంది, అప్పటిదాకా నొక్కుకుపోయిన స్ప్రింగు విడుచుకుంటుంది, సీటు నిన్ను కిందనుంచి తన్నుతుంది. దీన్నే హైసైడ్ అంటారు. టైరు తిరిగి పట్టుకోకుండా అలాగే జారిపోయి ఉంటే బండి కింద మెల్లగా పడేవాడివి, లోసైడ్, చర్మం గీసుకుపోయేదేమో గానీ ఎముక చాలావరకు మిగిలేది. వినడానికి కష్టంగా ఉంటుంది గానీ, నిన్ను పడేసింది పట్టు పోవడం కాదు, పట్టు తిరిగి రావడం.

నువ్వు మూసెయ్యడం తప్పని నిన్ను తిట్టడం లేదు. భయమేస్తే చెయ్యి మూసుకుపోవడం మనిషికి పుట్టుకతో వచ్చిందే. జారినప్పుడు చెయ్యవలసింది పెంచకుండా, మూయకుండా, ఉన్న చోటే ఉంచి లేదా వెంట్రుకంత తగ్గించి, చూపు ట్రాక్ ముందుకే ఉంచడం. ఇది చదివితే రాదు. మట్టి నేల మీద చిన్న బండితో, తక్కువ స్పీడులో, వెనక చక్రం జారుతుంటే చెయ్యి కదలకుండా ఉంచడం అలవాటు చేసుకో. ప్రపంచ స్థాయి రైడర్లు ఎంతో మంది ఖాళీ దొరికితే మట్టి మీద తిరిగేది ఇందుకే. అక్కడ వంద సార్లు జారితే, తారు మీద నూట ఒకటోసారి జారినప్పుడు ఒళ్ళు గాభరా పడదు.

ఇప్పుడు చైన్. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టిన మాట ఇదే, "కాస్త బిగించాం". ఎంత బిగించారు? ఎలా కొలిచారు? చాలా ఏళ్ళ కిందట నా బండి వెనక భాగం గతుకులున్న మలుపుల్లో ప్రతిసారీ గెంతి జారేది. ఒక నెల రోజులు షాక్ సెట్టింగుల క్లిక్కులు తిప్పుతూనే ఉన్నాను, రీబౌండ్ (స్ప్రింగు తిరిగి లేచే వేగం) తగ్గించి, పెంచి, ప్రీలోడ్ (స్ప్రింగుకి ముందే ఇచ్చే బిగువు) మార్చి, టైరు కూడా మార్చి చూశాను. చివరికి ఒక పెద్దాయన, మెకానిక్, వచ్చి ఏమీ అడగకుండా "ఎక్కి కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. ఇంకో ఇద్దరిని వెనక సీటు మీద గట్టిగా నొక్కమని, కింద చైన్‌ని వేలితో పైకి కిందికి ఆడించబోయాడు. అది వీణ తీగలా ఉంది, కదల్లేదు. "ఇంక స్ప్రింగెక్కడ కదుల్తుంది" అన్నాడు, అంతే. వెనక చక్రాన్ని లేపి నిలబెట్టే పాడాక్ స్టాండ్ మీద ఉన్నప్పుడు చక్కగా వదులుగానే కనపడేది ఆ చైన్.

ఎందుకంటే ముందు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ళ చక్రం) మధ్య, స్వింగ్ ఆర్మ్ తిరిగే ఇరుసు, వెనక చక్రం ఇరుసు, ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. బండి ఖాళీగా నిలబడి ఉంటే వెనక చక్రం ఆ గీత కంటే కిందే ఉంటుంది, చైన్ వదులుగా కనిపిస్తుంది. మనిషి ఎక్కి, మలుపులో బరువు పడి, స్ప్రింగు నొక్కుకున్న కొద్దీ చైన్ లాగుతుంది. ముందే బిగుతుగా ఉంటే సస్పెన్షన్‌ని మధ్యలోనే పట్టి ఆపేస్తుంది, అక్కడి నుంచి వెనక చక్రానికి సస్పెన్షన్ లేనట్టే, చిన్న గతుకు వచ్చినా టైరు నేల మీంచి లేస్తుంది. నువ్వు పడిన చోట వీడియోలో రోడ్డు నున్నగానే కనిపిస్తోంది, అందుకే చైనే కారణం అని గట్టిగా అనలేను. కానీ బాగా నడిచిన రెండు సెషన్లకీ పడిన సెషన్‌కీ మధ్య బండిలో చేత్తో మార్చినవి రెండే, గాలీ చైనూ. పడినప్పుడు చక్రం జరగకపోయి ఉంటే చైన్ ఇంకా అలాగే ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా ముందు కొలువు. ముగ్గురు మనుషులు దొరక్కపోతే సామాన్లు కట్టే రాట్చెట్ బెల్టుతో వెనక భాగాన్ని కిందికి లాగి, ఆ మూడు ఇరుసులూ ఒక గీత మీదికి వచ్చేలా చేసి చూడు. ఆ చోట కూడా చైన్ కాస్త ఆడాలి. ఆడకపోతే బిగుతు ఎక్కువే.

అదే పనిలో చక్రం సూటిగా ఉందా, ఇరుసు నట్టు మాన్యువల్‌లో చెప్పినంత బిగువు ఉందా, చక్రాన్ని పక్కకి ఊపితే బేరింగ్‌లో ఆట ఉందా, షాక్ రాడ్ మీద ఆయిల్ తడి ఉందా చూసెయ్. హైసైడ్ తర్వాత హ్యాండిల్, ఫుట్‌పెగ్ బ్రాకెట్లు, ముందు ఫోర్కులు సరిగ్గా ఉన్నాయో లేదో తెలిసినవాళ్ళ చేత చూపించు.

షాక్ మార్చమన్నవాడి మాట ఇప్పుడు పక్కన పెట్టు. షాక్ ఆయిల్ కారకుండా ఉంటే, నువ్వు ఎక్కి కూర్చున్నప్పుడు వెనక భాగం 30 మిల్లీమీటర్లకి అటూఇటూ దిగుతుంటే, అది ట్రాక్ మీద మూడో రోజు తిరిగే మనిషికి సరిపోతుంది. వెనక మరీ మెత్తగా ఉంటే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు చతికిలబడి ముందు భాగం తేలికై బయటికి లాగుతుంది, మరీ గట్టిగా ఉంటే టైరు మీద బరువు సరిగ్గా పడక ఠక్కున వదులుతుంది. నువ్వు బయటికి పోయావు కాబట్టి మెత్తగా ఉందేమో అన్న అనుమానం నాకూ ఉంది, అందుకే ఆ దిగుడు కొలిచి చూడమంటున్నాను. కొలవకుండా క్లిక్కులు మాత్రం తిప్పొద్దు. ఏది మార్చినా ఒక్కసారికి ఒక్కటే. ఆ రోజు బ్రేకులో రెండు మార్చారు, అందుకే ఇవాళ ఇద్దరం కూర్చుని ఇంత వెతుక్కోవాల్సి వస్తోంది.

టెన్షన్ గురించి ఒక మాట. ఎందుకు పడ్డామో తెలియకపోతే ప్రతి మలుపూ భయపెడుతుంది. నీకు భయపడవలసింది ఒక్క మలుపే, అది కూడా సెషన్ మొదట్లోనే. మళ్ళీ వెళ్ళిన రోజు మొదటి మూడు ల్యాపులు ఎడమ మలుపులన్నిటినీ రోడ్డు మీద వెళ్ళినట్టే వెళ్ళు, ముందు ఎవడు పోతున్నా సరే. టైర్ వార్మర్లు ఎవరైనా ఇస్తే తీసుకో, మామూలుగా వాటిని 80 డిగ్రీల చుట్టూ పెడతారు, రబ్బరు లోపలి దాకా వేడెక్కడానికి గంట దాకా పడుతుంది, పది నిమిషాలు చుట్టి తీసేస్తే పై చర్మం మాత్రమే వేడెక్కుతుంది. వార్మర్లు ఉన్నా కూడా ఆ మొదటి ఎడమ మలుపుకి నా సలహా మారదు.

చైన్ కొలత, టైరు పక్కన ఉన్న నాలుగు అంకెలు, నువ్వు కూర్చున్నప్పుడు వెనక ఎంత దిగుతోంది, ఈ మూడూ చూసి రాయి. చైన్ నిజంగానే బిగుతుగా ఉందని తేలితే, నేను పైన చెప్పిన కారణాల వరస కాస్త మార్చాల్సి వస్తుంది.